అత్తగారి మాటల పుస్తకం

అత్తగారు మాట్లాడకుండా ఉండగలరని ఆ వీధిలో ఎవరూ అనుకోలేదు. ముందుగదిలో కుట్టుమిషన్ వేసుకుని, వీధి తలుపు బార్లా తెరిచి, పొద్దుటి నుంచి దీపాలు పెట్టే వేళ దాకా కుడుతూ మాట్లాడేవారు, మాట్లాడుతూ కుట్టేవారు. పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని కూడా ఎదుటివాళ్ల కొలతలూ కబుర్లూ ఒకేసారి తీసుకోగల మనిషి. చొక్కా కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు చొక్కా సంగతి మరిచిపోయి కూర్చుండిపోయేవారు. పెళ్లయిన కొత్తలో కోడలు తన భర్తను, “మీ అమ్మగారు నిద్రలో కూడా మాట్లాడతారా?” అని అడిగింది. అతను కాసేపు ఆలోచించి, “నిద్రలో కొంచెం తక్కువ,” అన్నాడు.

అలాంటి మనిషి ఒకరోజు పొద్దున్నే కత్తెర చేతిలోంచి జారవిడిచి, కుర్చీలోనే పక్కకు ఒరిగిపోయారు. మెదడులో ఎడమవైపు రక్తం గడ్డకట్టిందని ఆస్పత్రిలో చెప్పారు. ప్రాణానికి భయం లేదన్నారు. కుడికాలు మెల్లగా దారిలో పడింది. కుడిచెయ్యి మాత్రం సగమే పనిచేస్తోంది. ఇక నోటికి మిగిలింది ఒక్కటే మాట: “అదే.”

నీళ్లు కావాలన్నా అదే. ఫ్యాను ఆపమన్నా అదే. కోపం వస్తే అదే అదే అదే అంటూ గుడ్డ మీద మిషన్ సూది పడ్డట్టు మాటలు పడేవి. ఎదుటివాళ్లు చెప్పేదీ, పెద్ద అక్షరాల్లో రాసి చూపించేదీ ఆవిడకు అర్థమవుతోందని, లోపల మాటలన్నీ ఉన్నాయని, బయటికొచ్చే దారి మూసుకుపోయిందని మాటలు నేర్పే థెరపిస్టు చెప్పింది. మాటలు కొన్ని తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, తొందరపడొద్దు అని కూడా అంది.

తొందరపడకుండా ఉండటం చెప్పినంత తేలిక కాదు. ఒకరోజు మధ్యాహ్నం అత్తగారు మంచం మీద లేచి కూర్చుని ముందుగది వైపు ఎడమచెయ్యి చూపిస్తూ, “అదే,” అన్నారు. కోడలు నీళ్లు తెచ్చింది. కాదు. మాత్రలు తెచ్చింది. కాదు. దుప్పటి మార్చింది, కిటికీ తెరిచింది, మూసింది, పక్కింటి వదినగారిని పిలుచుకొచ్చింది. ఏదీ కాదు. చివరికి అత్తగారు గోడకేసి చేత్తో బాది, ఏడ్చి, అలసిపోయి నిద్రపోయారు. కోడలు గుమ్మంలో కూలబడిపోయింది.

మర్నాడు పొద్దున్నే వీధి చివరి ఇంటావిడ వచ్చింది. “మా పాప గౌను అయిందాండీ? ఈరోజు బళ్లో నాటకం.” మిషన్ కింద బుట్టలో గౌను ఉంది. గుండీలు తప్ప అంతా అయిపోయింది. కోడలు వచ్చీరాని చేత్తో గుండీలు కుట్టి పంపించి, లోపలికెళ్లి మంచం పక్కన కూర్చుంది.

“నిన్న మీరు చెప్పింది గౌను సంగతా అత్తయ్యా?”

అత్తగారు కళ్లు మూసుకున్నారు. “అదే,” అన్నారు, చాలా నెమ్మదిగా.

ఆ వారం థెరపిస్టు ఒక కాగితం తెచ్చిచ్చింది. జిరాక్సు తీసిన బొమ్మలు: గ్లాసు, పళ్లెం, మంచం, స్నానాలగది, నవ్వే ముఖం, ఏడ్చే ముఖం. కావలసినదాన్ని వేలితో చూపించాలి. అత్తగారు ఆ కాగితాన్ని వంకర కుట్టును చూసినట్టు చూసి, కింద పడేశారు. కోడలు నొచ్చుకుంది కానీ థెరపిస్టు నవ్వేసింది. “ఇది అందరి కోసం చేసింది. అందరి కోసం కుట్టిన చొక్కా ఆవిడ తొడుక్కుంటారా? ఆవిడ కొలతకి మీరే ఒకటి చేయించండి.”

కోడలు ఆ మాట పట్టుకుంది. ఫోను తీసుకుని ఇల్లంతా తిరిగి, కనిపించిన ప్రతిదానికీ ఫొటో తీసింది. పక్క వీధిలో ఉన్న ప్రెస్సుకు వెళ్లింది.

ప్రెస్సులో అడుగుపెట్టగానే సిరా వాసన, కటింగ్ మెషిన్ దబ్బుమనే చప్పుడు. గోడల పొడుగునా బిల్లు పుస్తకాలు, కరపత్రాలు, కట్టలు కట్టిన పెళ్లికార్డులు. వెనకాల అద్దాల గదిలో ఒక అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. దువ్వీ దువ్వని జుట్టు, మెడలో వేలాడే కళ్లజోడు. ఆమె డిజైనర్. ప్రెస్సులో ఆమెను అందరూ మార్జినమ్మ అంటారు. కార్డు అంచుల దాకా అక్షరాలు కుక్కమనే వాళ్లందరితో ఆమె ఒకటే మాట: “మార్జిన్ వదలండి సార్, ఊపిరాడాలి.”

“ఇవన్నీ పేజీకి పన్నెండేసి వేసి లామినేషన్ చేసివ్వండి,” అంది కోడలు.

డిజైనర్ ఫొటోలు ఒక్కొక్కటీ చూసింది. “చూసేది ఎవరండీ?”

“మా అత్తగారు.”

“చదువుతారా? కళ్లు బాగా కనిపిస్తాయా? ఏ చేత్తో తిప్పుతారు?”

కోడలికి విసుగొచ్చింది. “అవన్నీ మీకెందుకండీ? ప్రింటు తీసిస్తే చాలు.”

డిజైనర్ ఏమీ అనుకోకుండా స్క్రీన్ ఆమె వైపు తిప్పింది. “ఇందులో గ్లాసు ఎక్కడుందో చూపించండి.”

వంటింటి గట్టు ఫొటో అది. స్టవ్, డబ్బాలు, గిన్నెలు, వేలాడుతున్న గుడ్డ, వెనకాల కిటికీ. కోడలు కళ్లు చిట్లించి వెతికింది. దొరికింది, కానీ ఆలస్యమైంది.

“నేను రోజూ కడిగే గ్లాసు నాకే కనిపించలేదు,” అని ఒప్పుకుంది.

“ఒకసారి వచ్చి ఆవిణ్ని చూడొచ్చా?” అని అడిగింది డిజైనర్.

అలా మొదలైంది. డిజైనర్ పొద్దున పూట వచ్చేది. మూలన స్టూలు లాక్కుని కూర్చునేది. మొదటిరోజు కాగితం కూడా తీయలేదు. అత్తగారు లేవడం, కూర్చోవడం, తినడం చూసింది, టీ తాగింది, వెళ్లిపోయింది. రెండోసారీ అంతే. కోడలికి ఒళ్లు మండింది.

“బొమ్మలెప్పుడు వేస్తావమ్మా?”

“ముందు చూడాలి కదండీ.”

“చూడ్డానికి ఏముంది? మనిషే కదా.”

చూడటం అత్తగారికి కూడా నచ్చలేదు. కాసేపు ముఖం తిప్పుకుని కూర్చున్నారు. తర్వాత ఉన్నట్టుండి ఎడమచేత్తో రమ్మని సైగ చేశారు. డిజైనర్ దగ్గరికెళ్లి వంగింది. అత్తగారు ఆమె చొక్కా కాలరు పట్టుకుని, ఒక కొస పైకీ ఒక కొస కిందికీ ఉన్నదాన్ని రెండువేళ్లతో లాగి చూపించి, “అదే!” అన్నారు. ఆ ఒక్క మాటలో కుట్టినవాడికీ, కొన్నదానికీ, తొడుక్కున్నదానికీ కలిపి పెట్టాల్సిన చీవాట్లన్నీ ఉన్నాయి.

“కుట్టించింది కాదమ్మా, కొన్నదే,” అంది డిజైనర్ బిక్కమొహం వేసుకుని.

అత్తగారు కళ్లు పైకి తిప్పారు. కోడలు ఆపుకోలేక నవ్వేసింది. డిజైనర్ కూడా నవ్వింది. అత్తగారి పెదాలు ఒక పక్కకు కదిలాయి. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆ ఇంట్లో వినిపించిన మొదటి నవ్వు అది. ఆ తర్వాత డిజైనర్ కోడల్ని “అండీ” అనడం మానేసి “అక్కా” అనడం మొదలుపెట్టింది.

అచ్చుకు ముందు నమూనాగా తీసిన మొదటి ప్రూఫ్ చూసి ఇల్లంతా మురిసిపోయింది. పల్చటి రంగులు, సన్నటి గీతలు, పేజీకి ఆరేసి బొమ్మలు. కొడుకు తిరగేసి, “పుస్తకాల షాపులో పెట్టొచ్చు,” అన్నాడు. అత్తగారు నాలుగు పేజీలు తిప్పి, మూసి పక్కన పెట్టేశారు.

“నచ్చలేదా అమ్మా?” అంది డిజైనర్.

డిజైనర్ పుస్తకం మళ్లీ తెరిచి ఆవిడ ముందు పెట్టింది.

“పోనీ, ఈ పేజీలో మంచినీళ్లు ఎక్కడున్నాయో చూపించండి.”

అత్తగారి వేలు పేజీ మీద అటూ ఇటూ తిరిగి ఆగిపోయింది. నీళ్లగ్లాసు అక్కడే ఉంది, కుడివైపు కింద. ఎంతకీ దాన్ని ముట్టుకోలేదు. డిజైనర్ ముఖం వాడిపోయింది. “నాకు నచ్చేట్టు వేసుకున్నాను అక్కా,” అంది. కానీ లేచి వెళ్లిపోలేదు. ఆ వేలు తిరిగిన తీరునే తలచుకుంటూ చాలాసేపు కూర్చుంది. తర్వాత మిషన్ పక్కనున్న గుండీల డబ్బా అడిగి తీసుకుని, బల్ల మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా గుండీలు పరిచింది.

“వీటన్నిటినీ ఏరి డబ్బాలో వెయ్యండమ్మా.”

చిన్నపిల్లల ఆటలా ఉందని అత్తగారు ముఖం ముడిచారు. అయినా ఏరారు. ఎడమచేత్తో ఒక్కో గుండీ తీసి డబ్బాలో వేశారు. మధ్యదాకా వచ్చి, పని అయిపోయినట్టు డబ్బా మూతపెట్టి తోసేశారు. బల్ల కుడిభాగమంతా గుండీలు అలాగే ఉన్నాయి.

కోడలు నిలబడిపోయింది. “పళ్లెంలో కూడా కుడివైపుది ఎప్పుడూ మిగిలిపోతోంది,” అంది. “నా వంట నచ్చక వదిలేస్తున్నారనుకున్నాను.”

వెంటనే థెరపిస్టుకు ఫోన్ చేసింది. అవును, కుడివైపు చూపు తగ్గిందని ఆస్పత్రి నుంచి పంపేటప్పుడే చెప్పాం అంది ఆవిడ. ఆరోజు మందులు, పథ్యాలు, వ్యాయామాలు అంటూ అంతమంది అన్ని చెప్తుంటే ఈ ఒక్క ముక్క కోడలి చెవికెక్కలేదు. ఆ పూట నుంచి అత్తగారు సగం తినగానే కోడలు కుడివైపుది ఎడమకు వచ్చేలా పళ్లెం తిప్పి పెట్టేది. ఆవిడ మిగతా సగం కూడా తినేవారు. ఎంత సంతోషం! ఇన్నాళ్లూ తన వంట మీద పెట్టుకున్న దిగులు కోడలికి ఆ పళ్లెంతోపాటు ఖాళీ అయింది.

“బొమ్మలన్నీ ఎడమవైపే రావాలి,” అంది డిజైనర్. పాత ప్రూఫ్ మడిచి సంచిలో పెట్టేసుకుంది. అందమైన గీతల కోసం ఒక్కసారి కూడా బాధపడలేదు.

అసలు తగాదా తర్వాత వచ్చింది. పుస్తకంలో ఏమేం ఉండాలి? కోడలు వరసపెట్టి చెప్పింది: నీళ్లు, టీ, మాత్రలు, దుప్పటి, స్నానం, నొప్పి, తలనొప్పి, కాలినొప్పి, ఫ్యాను, దీపం. ఇంకా, ఇంకా. ఏదీ వదలడానికి వీల్లేదంది.

“ఇన్ని పెడితే వెతుక్కోవడమే సరిపోతుంది అక్కా. తగ్గిద్దాం.”

“నువ్వు పొద్దున వచ్చి టీ తాగి వెళ్లిపోతావు. రోజంతా వెతుక్కునేది నేను. ఒక్కటి తగ్గించినా ఊరుకోను.”

ఇద్దరూ ముఖాలు మాడ్చుకుని కూర్చున్నారు. కాసేపటికి డిజైనరే అడిగింది: “బాగున్నప్పుడు అమ్మ రోజంతా ఏం మాట్లాడేవారు?”

కోడలు ఆలోచించింది. ఆలోచిస్తుంటే నవ్వొచ్చింది. “నన్ను తిట్టేవారు.”

“ఏమని?”

“టీలో చక్కెర తక్కువైందని. తలుపు దభాలున వేస్తానని. మా ఆయన్ని నెత్తికెక్కించుకున్నానని. ఎక్కించింది ఆవిడే, పేరు నాకు. తర్వాత వదినగారి కబుర్లు. కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు లావెక్కారో చిక్కారో, ఎందుకో. పైవీధి టైలరు కుట్టే జాకెట్ల మెడలు ఎలా ముడతలు పడతాయో. నిజమా? ఎవరు చెప్పారు? అలాగా! నేను ముందే అనుకున్నాను! ఇవే.”

“మరి మీరు చెప్పినవాటిలో ఇవేవీ లేవే?”

కోడలు లేచి వెళ్లి పక్కింటి వదినగారిని పిలుచుకొచ్చింది.

ఆ సాయంత్రం కొడుకు ఇంటికొచ్చేసరికి బల్ల చుట్టూ ఇద్దరూ, పక్కింటి వదినగారూ కూర్చుని అత్తగారి తిట్లు ఏరుతున్నారు. “తిట్లు కూడా అచ్చు వేయిస్తారా?” అని అతను నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

“మందులూ మంచినీళ్లూ మాత్రమే అడగనిస్తే అమ్మ ఎప్పటికీ పేషెంటుగానే ఉండిపోతారు సార్,” అంది డిజైనర్. “మీరు కూడా గుర్తు చేసుకోండి. మిమ్మల్నేమనేవారు?”

అతను గొంతు సవరించుకున్నాడు. “మొద్దబ్బాయ్ అని.”

“అదే!” అని లోపలి గదిలోంచి గట్టిగా వినిపించింది. అందరూ లేచి మంచం దగ్గరికి వెళ్లారు. అక్కణ్నుంచి ఒక్కో మాటా ఆవిడనే అడిగారు. ఉంచాలంటే బొటనవేలు పైకి, వద్దంటే చెయ్యి విదిలింపు. “చంపేస్తా” అనేది వద్దన్నారు. “ఆ ముఖం చూడు” ఉంచమన్నారు. “బాగుంది” అనేదానికి కాసేపు ఆలోచించి, సరే, ఒక మూల ఉండనీ అన్నట్టు చెయ్యి ఊపారు. వదినగారు నవ్వలేక కళ్లు తుడుచుకుంది.

రెండో ప్రూఫ్ వేరే పుస్తకం. సన్నగా, పొడుగ్గా, పైన స్పైరల్ వేసి, గోడ క్యాలెండర్‌లా పైకి తిప్పేది. బొమ్మలు పెద్దవి, లావు గీతలతో, పేజీకి నాలుగే, అన్నీ ఎడమవైపు. కింద అంచులు మెట్లు మెట్లుగా కత్తిరించి రంగులు వేశారు. పసుపు రంగు అంచు ఎత్తితే మనుషుల ఫొటోలు, ఆకుపచ్చది ఎత్తితే ఇంటి వస్తువులు, నీలం ఎత్తితే కుట్టుపని, ఎరుపు ఎత్తితే నోటి మాటలు. ఎడమ బొటనవేలితో ఏ భాగమైనా ఒక్క ఎత్తున తెరవొచ్చు. పసుపులో మళ్లీ రెండు పేజీలు: ఒకటి ఇంటివాళ్లు, ఇంకొకటి వచ్చిపోయేవాళ్లు. ఈసారి అత్తగారు దాన్ని మూయలేదు. ముందు నుంచి చివరికీ, చివరి నుంచి ముందుకీ తిప్పారు.

అచ్చు వేసే రోజున కోడలు కూడా ప్రెస్సుకు వెళ్లింది. మెషిన్ నడిపే ఆయన గొణుగుతూనే ఉన్నాడు. “ఒక్క కాపీ! ఒక్క కాపీకి ఇంత రాద్ధాంతమా? అవతల పెళ్లికార్డులు ఆగిపోయాయి.” డిజైనర్ మొదటి షీటు పట్టుకుని కిటికీ దగ్గరికెళ్లి చూసింది. “ఎరుపు ఎక్కువైంది. అమ్మగారి కొడుక్కి జ్వరం వచ్చినట్టుంది చూడండి.” మళ్లీ వేయించింది. ఈసారి వదినగారి ముఖం నల్లబడింది. మళ్లీ వేయించింది. మెరిసే లామినేషన్ మీద దీపం పడితే బొమ్మ కనిపించదని, మెరవనిది తెప్పించింది. ఆయన విసుక్కుంటూనే అన్నీ చేశాడు. చివర్లో ఎవరూ అడక్కుండానే అట్ట మూలలు నాలుగూ గుండ్రంగా కత్తిరించి, ఇసుకకాగితంతో రుద్ది, “వేళ్లకి గుచ్చుకుంటుంది, పెద్దావిడ కదా,” అన్నాడు. కోడలు ఆయనకు దణ్నం పెడితే, పెళ్లికార్డుల వైపు తిరిగి వినిపించనట్టు నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున్న అత్తగారి ముందు బల్ల మీద పుస్తకం పెట్టి అందరూ చుట్టూ చేరారు. కొడుకు, కోడలు, వదినగారు, డిజైనర్. అత్తగారు ఒక్కొక్కరినీ చూసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

“ఇంతమంది గుడ్లప్పగించి చూస్తుంటే ఎవరైనా మాట్లాడతారా?” అంటూ డిజైనర్ అందర్నీ వీధిలోకి తోలేసింది. తనూ బయటికెళ్లి అరుగు మీద కూర్చుంది. గదిలో కోడలు ఒక్కతే మిగిలింది. ఏం చేయాలో తోచక టీ తెచ్చిచ్చింది.

అత్తగారు ఒక గుక్క తాగి కప్పు కింద పెట్టారు. బొటనవేలితో పసుపు అంచు ఎత్తి కోడలి ఫొటో మీద వేలు పెట్టారు. ఆకుపచ్చ ఎత్తి టీ కప్పు మీద పెట్టారు. తర్వాత ఎరుపు ఎత్తారు. అక్కడ పెద్ద అక్షరాల్లో ఉన్నదాని మీద వేలు రెండుసార్లు గట్టిగా కొట్టారు: “ఎన్నిసార్లు చెప్పాలి?”

“చక్కెర తక్కువైందా అత్తయ్యా?” అంది కోడలు.

అత్తగారు తల ఊపారు. మళ్లీ ఎరుపులోనే ఇంకో మాట వెతికి పట్టుకున్నారు: “ఆ ముఖం చూడు.”

కోడలికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కప్పు పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తింది. చక్కెర డబ్బా తెరిచి పట్టుకుని, అలాగే నిలబడి కాసేపు ఏడ్చింది. ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచీ తిన్న చీవాట్లలో ఇంత తియ్యటిది మరొకటి లేదు.

కళ్లు తుడుచుకుని వచ్చేసరికి అత్తగారు ఆమె కోసం ఎదురుచూస్తున్నారు. కప్పు వైపు చూడలేదు. కోడలి ఫొటో చూపించారు. మంచం చూపించారు. తర్వాత ఎరుపులో, “చాల్లే, ఇక ఆపు.”

కోడలికి ముందు అర్థం కాలేదు. “మంచం సర్దమంటారా?”

చెయ్యి విదిలింపు. మళ్లీ అదే వరస: కోడలు, మంచం, చాల్లే ఇక ఆపు. తర్వాత వేలితో కోడలి కళ్ల కిందున్న నలుపును చూపించారు.

“నన్ను పడుకోమంటున్నారా?”

అత్తగారు గట్టిగా తల ఊపారు.

ఆ ఆస్పత్రి రోజుల నుంచి ఎవరూ ఆమెతో ఆ మాట అనలేదు. అందరూ, “బాగా చూసుకుంటున్నావమ్మా,” అన్నారు. భర్త కూడా, “నువ్వు లేకపోతే ఏమైపోయేవాళ్లమో,” అన్నాడు. పడుకో అన్నది మాత్రం ఈ మాటరాని మనిషి ఒక్కరే.

“నాకేం అలసట లేదత్తయ్యా.”

ఎరుపు అంచు మళ్లీ లేచింది. “కబుర్లు చెప్పకు.”

కోడలు నేల మీద కూర్చుని అత్తగారి ఒళ్లో తల పెట్టుకుంది. ఆవిడ ఎడమచేత్తో ఆమె జుట్టు సర్దారు. వీధిలోంచి డిజైనర్ తలుపు సందులోంచి తొంగిచూసి, చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్లింది. “అయ్యిందా? ఏమన్నారు?” అని కొడుకు ఆత్రంగా అడిగితే, “వాళ్ల సొంత విషయం సార్,” అని చెప్పి ప్రెస్సుకు వెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నం కోడలు చాలా రోజుల తర్వాత ఆదమరిచి నిద్రపోయింది. వదినగారు వచ్చి అత్తగారి పక్కన కూర్చుంది. లేచేసరికి ఇద్దరూ పుస్తకం మధ్యన పెట్టుకుని పైవీధి టైలరు జాకెట్ల మీద పడి ఉన్నారు.

మాట దొరికాక అత్తగారు ఊరుకోలేదు. కొన్నాళ్లకు నీలం అంచు ఎత్తి మిషన్ చూపించారు, కోడల్ని చూపించారు, వీధి తలుపు వైపు చెయ్యి చాపారు. దుకాణం తెరవాలట. కుట్టేది కోడలట. “నాకు గుండీలు కూడా తిన్నగా రావు అత్తయ్యా,” అని ఆమె మొత్తుకుంది. అత్తగారు, “నేను ముందే అనుకున్నాను,” మీద వేలు పెట్టి, అయినా తలుపు వైపే చూశారు. తలుపు తెరవక తప్పలేదు. దిండు గలీబులతో మొదలై, పిల్లల గౌన్ల దాకా వచ్చింది. అత్తగారు పక్కన కూర్చుని ఎడమచేత్తో గుడ్డ సర్దేవారు. కుట్టు వంకరపోతే చూపించడానికి నీలంలో “విప్పు” అనే మాట లేదని మొదటి వారంలోనే తేలింది. డిజైనర్ వచ్చి కొత్త పేజీ చేర్చింది. పై అట్ట కంటే ముందు అరిగిపోయింది ఆ పేజీయే.

ఇప్పుడు అత్తగారి నోటికి ఇంకొన్ని మాటలు వచ్చాయి. “రా,” “కాదు,” కొడుకు కనబడితే “మొద్దు.” మిగతావన్నీ పుస్తకమే చెబుతుంది. థెరపిస్టు దాన్ని చూసి, తన దగ్గరికొచ్చే ఇంకొందరి ఇళ్లకు డిజైనర్‌ను పంపింది. ఆమె ఒక రిటైరైన బస్సు డ్రైవరు గారి ఇంట్లో పొద్దున పూట స్టూలు వేసుకుని కూర్చుంటోందని, ఆయన రోడ్లను తిట్టేందుకే రెండు పేజీలు కావాల్సివచ్చిందని వచ్చి చెప్పింది.

ఆరోజు కోడలు ఆమెను కూర్చోబెట్టింది. చాలా రోజులుగా చెప్పాలనుకున్నది చెప్పబోయింది. “నువ్వు ఆరోజు నేనడిగినట్టు ప్రింటు తీసిచ్చేసి ఉంటే...” అని మొదలుపెట్టి, మధ్యలోనే ఆపి ఆమె చెయ్యి పట్టుకుంది. డిజైనర్ ఇబ్బందిగా నవ్వి, “టీ పెట్టు అక్కా,” అంది.

అంతలో అత్తగారు పుస్తకం తెరిచి, పసుపు భాగంలో వేలితో తట్టారు. డిజైనర్ ముఖం చూపించారు. మళ్లీ తట్టారు.

“నీ ఫొటో కావాలట,” అంది కోడలు.

“నాదెందుకమ్మా?”

“నువ్వు లేనప్పుడు నీ గురించి మాట్లాడుకోవద్దూ? ఫొటో లేకపోతే ఎలా?”

డిజైనర్ పకపకా నవ్వింది. రెండురోజులకు తన ఫొటో అచ్చు వేసి తీసుకొచ్చింది. జుట్టు దువ్వుకుని తీయించుకున్నట్టుంది. “వచ్చిపోయేవాళ్ల పేజీలో వదినగారి కింద ఖాళీ ఉందమ్మా, అక్కడ అతికిస్తాను,” అంటూ జిగురు తీసింది.

“కాదు,” అన్నారు అత్తగారు. నోటితోనే.

ఆవిడ పేజీ వెనక్కి తిప్పారు. ఇంటివాళ్ల పేజీలో పైన కొడుకు, కింద కోడలు, ఆ కింద స్థలం ఉంది. ఫొటో తీసుకుని అక్కడ పెట్టి, వేలితో నొక్కి పట్టుకుని, జిగురు వెయ్యమన్నట్టు డిజైనర్ వైపు చూశారు. డిజైనర్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. మళ్లీ పెట్టుకుంది. జిగురు వెయ్యడానికి చాలాసేపు పట్టింది. ఫొటో కొంచెం పక్కకు ఒరిగిందని అత్తగారు “ఎన్నిసార్లు చెప్పాలి?” మీద వేలు పెట్టారు. జిగురు ఆరకముందే డిజైనర్ దాన్ని మళ్లీ తీసి సరిగ్గా అతికించింది.